అవతలి ఒడ్డున మనవాళ్ళు

విశాఖపట్నం రేవు నుంచి నెలకో మారు అండమాన్‌కు ఒక ప్రయాణికుల ఓడ వెళుతుంది. ఒక్కో నెల అదీ ఉండదు. ఉన్న రోజున మాత్రం రేవు గేటు దగ్గర గంటల ముందే జనం చేరతారు. తాళ్ళతో బిగించిన అట్టపెట్టెలు, గోనెసంచులు, ట్రంకు పెట్టెలు, మూతికి గుడ్డ కట్టిన ఊరగాయ జాడీలు, చంకన పిల్లలు. టగ్గులు ఓడను బెర్తు నుంచి మెల్లగా పక్కకు లాగుతాయి. పైలట్ దారి చూపిస్తాడు. ఎడమచేతి వైపు గుడి, చర్చి, దర్గా ఉన్న మూడు గుట్టలు, కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ ఇరుకు కాలువ దాటాక ఇక 1,200 కిలోమీటర్ల నీరు. సుమారు 56 గంటలకు, అంటే మూడో రోజున, పోర్ట్‌బ్లెయిర్ కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆ ఊరికి శ్రీవిజయపురం అని పేరు మార్చింది కానీ, ఓడ ఎక్కేవారి నోట ఇంకా పాత పేరే ఉంది.

సెలవులకు ఎక్కడికి వెళదాం అన్న మాట వస్తే విశాఖ ఇళ్ళలో ఇప్పుడు అండమాన్ పేరు గట్టిగానే వినిపిస్తోంది. కేంద్ర ప్రభుత్వోద్యోగులు ఎల్‌టీసీ మీద అక్కడికి విమానంలో వెళ్ళేందుకు ప్రత్యేక వెసులుబాటు ఏళ్ళ తరబడి కొనసాగుతోంది. నౌకాదళం ఊరు కాబట్టి ఇక్కడినుంచి అక్కడికి బదిలీ అయినవారి కుటుంబాలూ ఉంటాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కాలం అనుకూలం. ఐదారు రోజుల ప్యాకేజీ. అందులో ఒక జైలు, రెండు మూడు దీవులు, నాలుగైదు బీచ్‌లు. చూసినవారు సంతోషంగానే తిరిగివస్తారు, సంతోషపడదగిన చోటే అది. మంచి సముద్రాన్ని చూడాలనుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆ దీవుల్లో విశాఖవారు చూడవలసినది ఇంకొంత ఉంది. అది ప్యాకేజీ కాగితంలో ఉండదు. అది మనకు చుట్టరికం.

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.8 లక్షలు. వారిలో 13 శాతం పైచిలుకు, అంటే దాదాపు 50 వేలమంది, తమ మాతృభాష తెలుగు అని రాయించుకున్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత అక్కడ ఎక్కువమంది ఇళ్ళలో మాట్లాడేది మన భాషే. వారిలో అత్యధికుల ఊళ్ళు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల తీరంలోనివి. పోర్ట్‌బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపలరేవు దగ్గర నిలబడి చెవి ఒగ్గితే జాలరిపేటలో ఉన్నామో అక్కడ ఉన్నామో తెలియదు. వల, వేట, సూర చేప, వంజరం, గాలి ఎటు తిరిగింది అన్న మాట, అన్నీ ఉత్తరాంధ్ర యాసలోనే. ద్వీపాల ప్రభుత్వ బడుల్లో తెలుగు మాధ్యమం నడిచింది. 2022లో పోర్ట్‌బ్లెయిర్ పురపాలక ఎన్నికల్లో తెలుగుదేశం పార్టీ అక్కడ సీట్లు కూడా గెలుచుకుంది. అంత దూరాన ఒక తెలుగు పార్టీ జెండా ఎగిరిందంటే, ఓటు వేసే తెలుగువాళ్ళు వీధులు వీధులుగా ఉన్నారని అర్థం.

ఓడలో బంక్ క్లాసులో ఎక్కువగా కనిపించేది వీరే. సంక్రాంతికో, మేనకోడలి పెళ్ళికో, తల్లి కర్మకాండకో వచ్చి తిరిగి వెళుతున్నవాళ్ళు. ఈ తీరాన్ని మెయిన్‌ల్యాండ్ అంటారు; ఇంటికి వెళుతున్నాం అన్నప్పుడు అండమాన్‌ను అంటారు. పుట్టినది టెక్కలి పక్కన అయినా, పిల్లలు పుట్టినది అక్కడ. తాతగారి ఇల్లు ఇక్కడ, రేషన్‌కార్డు అక్కడ. విహారయాత్రకు వెళ్ళేవారు విమానంలో రెండు గంటలు కిటికీలోంచి మబ్బులు చూసి దిగిపోతారు కనుక ఈ మనుషులను కలిసే అవకాశం వారికి రాదు. ఓడలో అయితే రెండు రాత్రులు పక్కపక్క బెర్తుల్లో పడుకోవాలి. క్యాంటీన్ వరసలో ముందూ వెనకా నిలబడాలి. రెండో రోజు ఉదయానికి ఎవరి ఊరేదో, ఎవరి పిల్లకు సంబంధాలు చూస్తున్నారో తెలిసిపోతుంది. మొదటిసారి ఎక్కినవారికి కడుపులో తిప్పితే నిమ్మకాయ చేతికిచ్చి, వెళ్ళి డెక్కు మీద గాలికి కూర్చోమని చెప్పేది కూడా వారే.

ఆ దారిలో నడిచే ఓడల్లో ఒకటి స్వరాజ్ ద్వీప్. 1,200 మందిని మోయగల ఆ ఓడను కట్టింది మన సింధియా దగ్గరి హిందుస్థాన్ షిప్‌యార్డులోనే. 1999లో ద్వీపాలకు అప్పగించారు. వాల్‌చంద్ హీరాచంద్ పూనికతో 1941లో పునాది పడి, 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష జలప్రవేశం చేసిన యార్డు అది. యుద్ధనౌకల మరమ్మతుల గురించి, లాభనష్టాల గురించి వార్తలు వస్తుంటాయి. పక్క ఊరికి బస్సు వెళ్ళినట్టు దీవికి మనుషుల్ని తీసుకెళ్ళే ఓడను కూడా ఈ ఊరి వెల్డర్లు, ఫిట్టర్లు కట్టారన్నది మనం ఇంకాస్త గర్వంగా చెప్పుకోవలసిన సంగతి.

దీవులకూ ఈ తీరానికీ మధ్య దూరం ఎంతో 2014 అక్టోబరులో తుపాను చెప్పింది. హుద్‌హుద్ పుట్టింది అండమాన్ సముద్రంలోనే. 8వ తేదీ పొద్దున అక్కడి లాంగ్ ఐలాండ్ దగ్గర దీవులను దాటింది. 12వ తేదీ మధ్యాహ్నానికి విశాఖ మీద పడింది. కైలాసగిరి మీద చెట్టు మిగల్లేదు, వారాల తరబడి కరెంటు లేని వీధులున్నాయి. మధ్యలో నాలుగు రోజులు. ఓడకు పట్టేది మూడు రోజులే. అక్కడి గాలి ఇక్కడికి వస్తుంది, ఇక్కడి బియ్యం, సిమెంటు, ఉల్లిపాయలు అక్కడికి వెళతాయి. ఒకే నీటికి రెండు ఒడ్లు.

ఇక చూడవలసిన చోట్లు.

అందరూ మొదట వెళ్ళేది సెల్యులార్ జైలుకే. వెళ్ళవలసినదే. 1896లో మొదలై 1906లో పూర్తయిన కట్టడం. నడిమి బురుజు చుట్టూ ఏడు బారుల్లో దాదాపు 700 గదులు. మూడు బారులే ఇప్పుడు మిగిలాయి. ఒక బారులోని ఖైదీ తలుపు ఎదుట రెండో బారు వెనక గోడ మాత్రమే కనపడేలా కట్టారు. మనిషి ముఖం మనిషికి కనపడకుండా చేయడానికి అంత లెక్క వేసి ఇటుక పేర్చారు. గానుగకు ఎద్దుల బదులు ఖైదీలను కట్టి, రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించారు. సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శన చూసి వచ్చేస్తే ఆ పూట గడుస్తుంది. అయితే తెలుగువారు అక్కడ పాలరాతి మీద చెక్కిన పేర్ల దగ్గర కాసేపు ఆగాలి. మద్రాసు ప్రెసిడెన్సీ పేర్లున్న చోట.

విశాఖ ఏజెన్సీకీ ఆ దీవులకూ సంబంధం సెల్యులార్ జైలు కంటే పాతది. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేచి అణచివేతకు గురైనప్పుడే కొందరిని సముద్రం దాటించి అండమాన్‌కు పంపారు. తరవాత అల్లూరి సీతారామరాజు పోరాటం. 1924 మే నెలలో ఆయనను కాల్చి చంపాక ఆయన అనుచరుల వేట సాగింది. గాం గంటందొర జూన్‌లో నేలకొరిగాడు. గంటందొర తమ్ముడు మల్లుదొర అంతకుముందే పట్టుబడ్డాడు. ఉరిశిక్ష వేశారు; దాన్ని ద్వీపాంతరంగా మార్చారు. అండమాన్ జైల్లో శిక్ష అనుభవించి ఆయన ప్రాణాలతో తిరిగివచ్చాడు. 1952లో దేశానికి మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు విశాఖపట్నం నియోజకవర్గం ఇద్దరు సభ్యులను పంపింది. ఒకరు డాక్టర్ లంకా సుందరం. రెండోవారు గాం మల్లుదొర. రాజద్రోహి అని ఏ ఊరి కొండల నుంచి తీసుకెళ్ళి దీవిలో పడేశారో, ఆ ఊరి ఓటర్లే ఆయనను పార్లమెంటులో కూర్చోబెట్టారు. ఈ ఊళ్ళో ఇంతకంటే గొప్ప ఎన్నిక జరగలేదని రాయడానికి సందేహించనక్కర్లేదు. మల్లుదొర పేరు తెలిసిన పిల్లలు ఇక్కడి బడుల్లో ఎంతమంది ఉంటారో తలచుకుంటే బాధ కలుగుతుంది. అండమాన్ వెళ్ళే కుటుంబం ఓడ ఎక్కేముందో విమానం ఎక్కేముందో ఈ ఒక్క కథ పిల్లలకు చెప్పి తీసుకెళితే, ఆ జైలు గది వారికి పరాయి గది కాదు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా అక్కడ ఉన్నాడు. 1930లలో అక్కడి ఖైదీలు చేసిన నిరాహారదీక్షలు దేశమంతటినీ కదిలించాయి. 1938 నాటికి రాజకీయ ఖైదీలను తిరిగి తేక తప్పలేదు.

జైలుకు ఎదురుగానే, పడవలో పావుగంట ప్రయాణంలో, రాస్ దీవి. ఇప్పుడు నేతాజీ సుభాష్‌చంద్ర బోస్ ద్వీపం. తెల్లదొరలు రొట్టెల బట్టీ, చర్చి, నాట్యమందిరం, టెన్నిస్ కోర్టు కట్టుకుని దర్జాగా బతికిన చోటు. 1941 జూన్‌లో భూకంపం వచ్చింది, మరుసటి ఏడు జపాన్ సైన్యం వచ్చింది, రాజ్యం అక్కడినుంచి లేచిపోయింది. ఇప్పుడు గోడలను మర్రివేళ్ళు పట్టుకుని నిలబెడుతున్నాయి; జింకలు మనుషుల దగ్గరకు వచ్చి చేతిలోది తింటాయి. అక్కడ మాటలు తక్కువ, చూపు ఎక్కువ అవుతుంది. రెండు గంటలు కేటాయించి, గైడు తొందరపెట్టినా వినకుండా, ఆ దీవి అవతలి అంచుదాకా నడవండి.

హేవ్‌లాక్, నీల్ దీవుల పేర్లు 1857 తిరుగుబాటును రక్తంలో ముంచిన ఇద్దరు సేనానులవి. ఆ తిరుగుబాటులో పట్టుబడినవారినే 1858 మార్చిలో మొదటి విడతగా అండమాన్‌కు తెచ్చారు. ఎవరి చేతిలో ఓడారో వారి పేర్లు పెట్టిన దీవుల పక్కనే వారు చచ్చిపోయారు. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది. సరిగ్గా 75 ఏళ్ళ కిందట అదే తేదీన నేతాజీ పోర్ట్‌బ్లెయిర్‌లో జెండా ఎగరేశాడు. పేర్లు మార్చడంలో చాలాచోట్ల తొందరే కనిపిస్తుంది. ఇక్కడ మాత్రం న్యాయం కనిపిస్తుంది.

ఆ దీవుల్లో ఊళ్ళకు పేర్లు పెట్టినవారు వేరే. దేశ విభజన తరవాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలకు ప్రభుత్వం అక్కడ అడవి నరికించి భూమి ఇచ్చింది. వాళ్ళు భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ అని, గోవిందనగర్, రాధానగర్ అని పిలుచుకున్నారు. ఇల్లు పోగొట్టుకున్నవారు కొత్త మట్టికి దేవుళ్ళ పేర్లు పెట్టుకున్నారు. నీల్ దీవి ఇప్పుడు చుట్టుపక్కల దీవులకు కూరగాయలు పండించి ఇస్తుంది. సముద్రం పోటు తగ్గినప్పుడు అక్కడ సహజంగా ఏర్పడిన రాతి వంతెన కింద నడిచిపోవచ్చు. గుంటల్లో నిలిచిన నీళ్ళలో నక్షత్రచేపలు, సముద్రపు దోసకాయలు కనిపిస్తాయి. చేత్తో తీయకూడదు, ఊరికే చూడాలి.

రాధానగర్ తీరం గురించి కొత్తగా చెప్పేదేముంది. 2004లో టైం పత్రిక ఆసియాలో మేటి తీరమంది. తెల్లని ఇసుక, దాని వెనకే ఆకాశాన్ని మూసే అడవి, మధ్యలో హోటలు లేదు, రోడ్డు లేదు. ఒకప్పుడు కలప లాగడానికి తెచ్చిన రాజన్ అనే ఏనుగు ఆ నీళ్ళలో ఈదేది. దుంగలు మోయించడానికి ఏనుగులకు దీవి నుంచి దీవికి ఈత నేర్పారు. కలప నరకడం ఆగాక రాజన్ ముసలితనం అక్కడే గడిచింది, 2016లో చనిపోయింది.

2020 అక్టోబరులో దేశంలో మొదటి విడత 8 తీరాలకు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చినప్పుడు, ఒకే జాబితాలో రాధానగర్ ఉంది, మన రుషికొండ ఉంది. ఆ రోజు విశాఖ సంబరపడింది. 2025లో పరిశుభ్రత సరిగా లేదన్న ఫిర్యాదులతో రుషికొండ జెండా దించారు. యంత్రాంగం పరుగులు తీసి సరిచేశాక తిరిగి ఎగరేశారు.  రెండు తీరాలకూ అసలు తేడా వెనక్కి తిరిగి చూస్తే కనపడుతుంది. అక్కడ చెట్లు, ఇక్కడ కట్టడాలు.

వండూర్ దగ్గర మహాత్మాగాంధీ సముద్ర జాతీయవనం ఉంది, 1983లో ఏర్పడింది. అందులో జాలీబాయ్ అనే చిన్న దీవికి పడవలో తీసుకెళతారు. గాజు అడుగున్న పడవలోంచి పగడాలు చూడవచ్చు. జాలీబాయ్‌ను ఏడాదిలో కొన్ని నెలలే తెరుస్తారు. మిగతా నెలల్లో దానికి విశ్రాంతి, బదులుగా రెడ్‌స్కిన్ దీవికి తీసుకెళతారు. ప్లాస్టిక్ దీవిలోకి రానివ్వరు. సంచులు వెతుకుతారు, నీళ్ళ సీసా ఉంటే దానికి డిపాజిట్ కట్టించుకుంటారు, తిరిగి తెచ్చి చూపిస్తేనే డబ్బు ఇస్తారు. కొందరు సందర్శకులు విసుక్కుంటారు. కానీ ఆ దీవి మీద పడ్డ ఒక కవరు కూడా కనిపించదు. సెలవులిచ్చి తీరాన్ని కాపాడుకోవచ్చు, కవరు లేకుండా వేలమందిని తిప్పవచ్చు అని అక్కడ కళ్ళారా చూసి వచ్చినవారు యారాడ, భీమిలి ఒడ్డున ఆ సంగతి ఎందుకు అడగరు? ప్రయాణం వల్ల కలిగే లాభాల్లో ఇదీ ఒకటి కావాలి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబారిపోయాయి. వాటిలో కొన్ని తేరుకున్నాయి. పగడం మీద కాలు పెడితే తేరుకోదు.

పాత ఎర్ర 20 రూపాయల నోటు ఇంట్లో ఎక్కడైనా దాచి ఉంటే తీసి వెనకవైపు చూడండి. కొబ్బరిచెట్ల వెనక సముద్రం, ఆవల కొండ, లైట్‌హౌసు. అది పోర్ట్‌బ్లెయిర్ ఒడ్డు నుంచి కనిపించే దృశ్యం. మనమంతా ఆ దీవిని జేబులో పెట్టుకుని కూరగాయలు కొన్నాం.

బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్ళడం గురించి మాత్రం ఒక మాట గట్టిగా చెప్పాలి. బొర్రా గుహలు చూసిన విశాఖవారికి ఆ గుహలు మరీ అబ్బురం కావు. మడ అడవుల మధ్య పడవ ప్రయాణం బాగుంటుంది. అయితే అక్కడికి వెళ్ళే రోడ్డు జరవా తెగవారి అడవి గుండా పోతుంది. వాహనాలు బారుగా, వేళకు, పోలీసు కాపలాతో వెళ్ళాలి. ఆగకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. 1956 నాటి రక్షణ నిబంధనలు ఆ మనుషుల ప్రాణాల కోసం పుట్టినవి. జరవాలు కొన్ని వందలమందే ఉన్నారు. బయటివారి జలుబు, తట్టు వారికి మామూలు రోగాలు కావు. గ్రేట్ అండమానీయుల తెగ ఒకప్పుడు వేలల్లో ఉండేది. ఇప్పుడు సుమారు 50 మంది. 2010లో బోవా సీనియర్ అనే వృద్ధురాలు కన్నుమూసినప్పుడు బో భాష మాట్లాడే ఆఖరి గొంతు ఆగిపోయింది. కిటికీలోంచి జరవాలు కనపడతారని ఆశ చూపే ట్యాక్సీవాళ్ళు ఉంటారు. ఆ ఆశతో వెళ్ళకండి. అరకులో థింసా ఆడే ఆడవాళ్ళ ముందు ఫోను ఎత్తి పట్టి, పది రూపాయలు చేతిలో పెట్టి వచ్చేసే అలవాటు మనకు ఉంది. దాన్ని సముద్రం దాటించవద్దు.

ఇన్ని చోట్లు తిరిగినా సమయం మిగులుతుంది. అక్కడ సూర్యుడు మనకంటే ముందు పొడుస్తాడు, ముందే వాలుతాడు. గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే చీకటి కమ్ముతుంది. అంటే తెల్లవారుజామునే లేచి తిరగాలి, సాయంత్రాలు ఊళ్ళో గడపాలి. ఆ సాయంత్రాల్లో ఒకటి జంగ్లీఘాట్‌కు ఇవ్వండి. హోటలు గదిలో టీవీ ముందు ఇచ్చేదానికన్నా మేలు. ఏ ఊరు అని అడిగితే చాలు. వారే చెప్పుకుపోతారు. 1950ల తరవాత తాత ఎలా వచ్చాడో, మొదటి పడవ ఎలా కొన్నాడో, 2004 డిసెంబరు 26న నీళ్ళు వెనక్కి పోయి కొండంతై వచ్చినప్పుడు ఎవరు మిగిలారో. విశాఖ వెళ్ళే ఓడ మళ్ళీ ఎప్పుడుందో మీకేమైనా తెలుసా అని వారు తిరిగి అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మన దగ్గర ఉండదు.

అందరూ అంత దూరం వెళ్ళలేరు. ఖర్చు, సెలవు, ఆరోగ్యం, ఎన్నో ఉంటాయి. అలాంటివారు కాకినాడ వెళ్ళి పడవలో హోప్ ఐలాండ్ చూడవచ్చు. గోదావరి ఒండ్రును అలలు పేర్చి రెండు వందల ఏళ్ళలో తయారుచేసిన ఇసుక దీవి అది. కాకినాడ రేవుకు అదే అడ్డుగోడ. కోరంగి మడ అడవులు పక్కనే. శీతాకాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు అక్కడ గుడ్లు పెడతాయి, విశాఖ ఒడ్డున పెడతాయి, అండమాన్‌లో కాలీపూర్ తీరాన పెడతాయి.

తాబేళ్ళ మాట వచ్చింది కాబట్టి దీవుల దక్షిణపు కొసన జరుగుతున్నది కూడా చెప్పుకోవాలి. గ్రేట్ నికోబార్‌లో గలతియా అఖాతం దగ్గర పెద్ద కంటెయినర్ ఓడరేవు, విమానాశ్రయం, కొత్త పట్టణం కట్టాలని కేంద్రం సంకల్పించింది. 2022లో పర్యావరణ అనుమతి ఇచ్చింది. ఆ తీరం లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు; ఆ అడవి షోంపెన్ తెగవారి ఇల్లు. దేశానికి రేవులు అక్కర్లేదని రేవు మీద బతికే ఈ ఊరు అనదు. 1933లో రేవు తెరుచుకోకపోతే విశాఖ ఇంత ఊరు అయ్యేదే కాదు. అయితే రేవు ఏం ఇస్తుందో తెలిసినట్టే ఏం తీసుకుంటుందో కూడా ఈ ఊరికి తెలుసు. అలలను ఆపే అడ్డుగోడలు కట్టాక ఇసుక కదలిక మారింది. ఆర్కే బీచ్ కోతకు గురవుతూనే ఉంది. రేవులో తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌కు పోస్తూనే ఉన్నారు, సముద్రం దాన్ని మళ్ళీ తీసుకుపోతూనే ఉంది. డబ్బు, డ్రెడ్జర్లు, ఇంజినీర్లు ఉన్న మహానగరమే తన ఒడ్డును నిలుపుకోలేక తంటాలు పడుతుంటే, మనిషి అలికిడికే వెనక్కి మళ్ళిపోయే తాబేలుకు ఎవరు ఇసుక పోస్తారు? ఈ ప్రశ్న అడిగే హక్కు విశాఖకు అందరికంటే ఎక్కువ ఉంది.

మళ్ళీ ఓడ దగ్గరకు వద్దాం. విశాఖ రేవులో 96 కోట్ల రూపాయల వ్యయంతో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కట్టారు. 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. విలాస నౌకలు రావాలి, ఊరికి పేరు రావాలి. ఆ హాలు, ఆ కుర్చీలు, ఆ మంచినీళ్ళు అండమాన్ ఓడ ఎక్కే జాలరి కుటుంబానికి కూడా దక్కాలి. అంతకంటే ముఖ్యమైనది తేదీ. ఓడ ఏ నెల ఏ రోజున కదులుతుందో చాలా ముందుగా తెలిస్తే పెళ్ళి ముహూర్తాలు దానికి తగ్గట్టు పెట్టుకుంటారు, పిల్లల బడి సెలవులు కుదుర్చుకుంటారు, పర్యాటకులు కూడా ఒకవైపైనా ఓడను ఎంచుకుంటారు. ఇప్పుడు చివరి క్షణంలో కబురందితే ఎవరికీ వీలుపడదు. జనం రాలేదు కాబట్టి ఓడ తగ్గించారంటారు. ఓడ ఎప్పుడో తెలియదు కాబట్టి జనం రారు. ఆరు నెలల టైంటేబులు ముందుగా ప్రకటించి, కట్టుబడి నడిపితే ఆ వలయం తెగుతుంది. దానికి కొత్త ఓడ కొనక్కర్లేదు, కొత్త బెర్తు కట్టక్కర్లేదు. కేంద్ర నౌకాయాన శాఖ, ద్వీపాల పాలనాయంత్రాంగం, షిప్పింగ్ కార్పొరేషన్, విశాఖ పోర్టు అధికారులు ఒక గదిలో కూర్చుంటే ఒక పూటలో అయ్యే పని. మన ఎంపీలు పార్లమెంటులో ఈ మాట ఎత్తాలి. ఈ చలికాలపు సీజను మొదలయ్యేలోగా ఆ టైంటేబులు రేవు గేటు మీద, తెలుగులో, అతికించి ఉండాలి.